ముసలి మంత్రగత్తె ఎప్పుడూ ఎందుకు చెడ్డది?

సంపాదకులకు నమస్కారం.

ఆడపిల్లల కోసమని వచ్చే ఫోన్ ఆటల్లో మంత్రగత్తెలు, అయిదు మొనల నక్షత్రాలు, టారో కార్డులు, కుండలో ఉడికే పసర్లు బాగా పెరిగాయని, ఇవన్నీ చూసి పిల్లలు క్షుద్రవిద్యల వైపు మళ్లుతారేమోనని తల్లిదండ్రులు కంగారు పడుతున్నారు. ఆటల రూపకల్పన నేర్పే పనిలో ఉన్నవాళ్లం కాబట్టి ఈ విషయం కాస్త వివరంగా రాస్తున్నాం. మా అభిప్రాయం ముందే చెబుతాం. కంగారు పడాల్సిన సంగతి ఉన్నమాట నిజమే, అయితే అందరూ వేలెత్తి చూపిస్తున్న నక్షత్రం గుర్తుకు దానితో సంబంధం తక్కువ. ఆ ఆటలో పిల్ల చేత ఏ పని చేయిస్తున్నారో, వయసు మళ్లిన ఆడమనిషిని ఎలా చూపిస్తున్నారో అక్కడ చూడాలి.

ముందు, ఒకే గాటన కట్టేస్తున్న వాటిని విడదీయాలి. విక్కా అనేది పేగన్ మతం, అంటే క్రైస్తవానికి ముందటి యూరప్ దేవతలను, ప్రకృతిని కొలిచే తరహా మతం. అది ఇంగ్లండ్‌లో పుట్టింది. మంత్రవిద్యకు సంబంధించిన పాత చట్టాన్ని అక్కడ 1951లో రద్దు చేశాక, 1954లో జెరాల్డ్ గార్డ్‌నర్ పుస్తకం రాసి దాన్ని లోకానికి తెలిపారు. ఒక దేవత, ఒక కొమ్ముల దేవుడు. ఏడాదికి ఎనిమిది పండగలు. తూర్పున గాలిని, దక్షిణాన నిప్పును, పడమట నీటిని, ఉత్తరాన భూమిని తలుచుకుంటూ వలయం గీసుకుని చేసే పూజ. ఎవరికీ హాని కలగనంతవరకు నీ ఇష్టప్రకారం నడుచుకో అనే నియమం. సైతాను ఇందులో లేడు. గార్డ్‌నర్ పరంపరలోని బృందాలు సాధారణంగా మైనర్లకు దీక్ష ఇవ్వవు. అమెరికాలో ఈ మతానికి చెందిన సైనికుల సమాధి రాళ్ల మీద వలయంలోని అయిదు మొనల నక్షత్రం చెక్కడానికి 2007లో ప్రభుత్వమే ఒప్పుకుంది.

టారో వేరు. అది 15వ శతాబ్దంలో ఇటలీ వాళ్లు ఆడుకున్న పేకాట. 78 ముక్కలు. దాంతో జోస్యం చెప్పడం 18వ శతాబ్దం చివర మొదలైంది. ఇప్పుడు ఆటలన్నీ అనుకరించే బొమ్మలు 1909లో పమేలా కోల్‌మన్ స్మిత్ అనే చిత్రకారిణి గీసినవి. ఊయిజా బోర్డు కూడా వేరే. అక్షరాలు, అంకెలు ఉన్న పలక మీద అందరూ వేళ్లు ఆనించిన పావు కదిలి జవాబు చెబుతుందంటారు. ఆత్మలతో మాట్లాడొచ్చన్న నమ్మకం అమెరికాలో ఊపు మీదున్న కాలంలో, 1891లో, ఎలైజా బాండ్ పేరు మీద పేటెంటు పొందిన ఇంటి ఆట అది. ఇక వంకర ముక్కుతో చీపురు మీద ఎగిరే ముసలమ్మ యూరప్ న్యాయస్థానాల, పాస్టర్ల, జానపద కథల భయాల్లోంచి వచ్చింది. ఆటలు తయారుచేసేవాళ్లు ఈ నాలుగింటినీ కలిపి ఒక వేషం కుడతారు. కాబట్టి పిల్ల ఫోన్‌లో కనిపించే మంత్రగత్తెలో అసలు పేగన్ మతం పాలు చాలా తక్కువ. దుస్తులే ఎక్కువ.

ఆ వేషం ఆడపిల్లలకు అమ్మేటప్పుడు ఎలా మారుతుందో తెలియాలంటే ఒక వస్తువును దగ్గరగా చూడాలి. ఊయిజా బోర్డు హక్కులున్న హాస్‌బ్రో సంస్థ 2008లో దాన్ని గులాబీ రంగులో తెచ్చింది. అక్షరాలు అవే, అంకెలు అవే, అవును, కాదు అన్న జవాబులూ అవే. కొత్తగా చేరినవి 72 ప్రశ్నల కార్డులు. నాకు తర్వాత మెసేజ్ పెట్టేది ఎవరు? నేను పేరున్న నటినవుతానా? నా స్థానంలో తను ఉంటే బాగుండునని ఎవరు అనుకుంటున్నారు? ఇదీ వరస. మామూలు బోర్డులో ఏమడగాలో ఆడేవాళ్ల ఇష్టం. అదే ఆడపిల్లకు అమ్మేసరికి ఆమె మనసులో పుట్టాల్సిన ప్రశ్నను కూడా అచ్చు వేసి చేతిలో పెట్టారు. 2010లో దీన్ని బహిష్కరించాలని అమెరికాలో మతవాదులు పిలుపునిచ్చారు. వాళ్ల అభ్యంతరమంతా ఆత్మల గురించే. ఎనిమిదేళ్ల పిల్లకి తన గురించి తాను అడగదగ్గ ప్రశ్నలు ఇవేనని చెప్పే కార్డులు మాత్రం పెద్దగా ఎవరి కంటా పడలేదు. మాకు ఆ కార్డులే ప్రమాదంగా కనిపిస్తాయి.

ఆత్మల సంగతి తేల్చడం తేలిక. మనకు తెలియకుండానే కండరాలు సన్నగా కదులుతాయని విలియం కార్పెంటర్ 1852లోనే రాశారు. మరుసటి ఏడాది మైకేల్ ఫారడే, చేతులు ఆనిస్తే తిరిగే బల్లల మీద ప్రయోగం చేసి, తోస్తున్నది చేతులేనని చూపించారు. ఇంట్లో కూడా పరీక్షించవచ్చు. ఆడేవాళ్లందరి కళ్లకు గంతలు కట్టి, వాళ్లకు చెప్పకుండా బోర్డును తలకిందులుగా తిప్పి పెట్టాలి. అప్పటిదాకా చక్కగా మాటలు కూర్చిన పావు అర్థం లేని అక్షరాల మీద తిరుగుతుంది. 2015లో పిల్లల్లో పాకిపోయిన రెండు పెన్సిళ్ల ఆట కూడా ఇలాంటిదే. ఒక పెన్సిల్ మీద ఇంకోటి అడ్డంగా నిలబెడితే ఆనేచోటు చిన్నది, రాపిడి దాదాపు లేదు. మీదికి వంగి ప్రశ్న అడిగేవాళ్ల ఊపిరి తగిలితే చాలు, తిరుగుతుంది. పిల్లను తిట్టి బోర్డు లాక్కోవడం కంటే ఈ పరీక్ష తన చేతే చేయిస్తే భయం పోతుంది, కొత్త విషయం తెలుస్తుంది.

ఇప్పుడు ఆటల్లోని మంత్రం సంగతికి వద్దాం. మగపిల్లలే ఎక్కువగా ఆడతారనుకుని తీర్చిన ఆటల్లో మంత్రానికి లెక్క ఉంటుంది. పాచికలు వేస్తూ జట్టుగా కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట అయిదో ఎడిషన్‌లో అగ్నిగోళం మంత్రం తీసుకోండి. 150 అడుగుల దూరం లోపల ఎక్కడైనా వేయొచ్చు. పడిన చోటు నుంచి చుట్టూ 20 అడుగుల మేర అంటుకుంటుంది. ఆరు ముఖాల పాచికలు ఎనిమిది వేసి ఎంత పడితే అంత దెబ్బ. ఆ వలయంలో మనవాళ్లు నిలబడి ఉంటే వాళ్లూ కాలుతారు. మంత్రాలు వేసే శక్తికి హద్దుంది, అది అయిపోతే విశ్రాంతి తీసుకోవాల్సిందే. అంటే ఆడేవాడు దూరం కొలుచుకోవాలి, ఎప్పుడు వాడాలో ఆలోచించాలి, పొరపాటు చేస్తే ఫలితం భరించాలి. ఈ ఆట మీద కూడా 1980లలో అమెరికాలో క్షుద్రవిద్య నేర్పుతోందని గగ్గోలు పుట్టింది. అది నేర్పింది కూడికలు, జట్టుగా ఆడడం.

ఆడపిల్లల ఉచిత ఆటల్లో మంత్రం ఎలా ఉంటుందో చూడండి. దండం బొమ్మ మీద వేలు పెడితే మెరుపులు రాలతాయి, గౌను రంగు మారుతుంది. దానికి ఖర్చు లేదు, హద్దు లేదు, తప్పే అవకాశం లేదు. ఆలోచించడానికి ఏమీ లేదు. మాకు నిజంగా బాధ కలిగించేది ఈ తేడా. మంత్రం రెండు చోట్లా ఉంది. ఒకచోట అది శక్తి, రెండోచోట అలంకారం.

మనిషి రూపాన్ని మార్చి అందంగా తీర్చే ఉచిత మేకోవర్ ఆటలు ఒక్క మూసలో పోసినట్టు ఉంటాయి. మొదటి గది స్పా: మొటిమలు నొక్కడం, కనుబొమలు తీయడం, మొహానికి పూత పూసి కడగడం. రెండో గది మేకప్. మూడోది బట్టలు, చెప్పులు, నగలు. చివర ఒక ఫోటో. మంత్రగత్తె పేరు పెట్టినా ఈ గదులు మారవు. జుట్టు రేగి, పళ్లు పచ్చబడి, ముక్కు మీద పులిపిరితో ఉన్న మొహాన్ని మొదట చూపిస్తారు. అది మంత్రగత్తె. శుభ్రం చేసి, రంగు తేల్చి, నడుము సన్నం చేశాక వచ్చేది యువరాణి. అరలో ఆరు గౌన్లుంటే రెండు తెరిచి ఉంటాయి, నాలుగింటికి తాళం. తాళం పక్కన వీడియో గుర్తు. అరనిమిషం యాడ్ చూస్తే ఒకటి తెరుచుకుంటుంది. ఈ ఆటల్లో పిల్ల ఎప్పుడూ ఓడదు. ఓడితే విసుగొచ్చి మూసేస్తుంది, మూసేస్తే యాడ్ డబ్బు ఆగిపోతుంది కాబట్టి ఓటమి లేకుండానే కట్టారు. ఓటమి లేనిచోట నేర్చుకోవడానికీ ఏమీ మిగలదు.

ఈ దారి ఎంత దూరం పోతుందో ఒకసారి లోకం చూసింది. లావుగా ఉన్న అమ్మాయికి కత్తితో కోసి కొవ్వు తీసి అందంగా చెయ్యమనే యాప్ ఒకటి, తొమ్మిదేళ్లు దాటిన పిల్లలు ఆడొచ్చన్న రేటింగ్‌తో ఆపిల్ స్టోర్‌లో ఉండేది. జనం ఆగ్రహించాక 2014 జనవరిలో తీసేశారు. అందులో మంత్రం లేదు, నక్షత్రం లేదు, టారో లేదు.

ఆడపిల్లల ఆటలన్నీ మొదటి నుంచీ ఇంతేనా అంటే కాదు. 1996లో వచ్చిన బార్బీ ఫ్యాషన్ డిజైనర్‌లో పిల్ల గౌను గీసి, గుడ్డ లాంటి కాగితం మీద ప్రింటర్‌లో అచ్చు తీసి, కత్తిరించి, అతికించి నిజం బొమ్మకు తొడిగేది. విషయం పాతదే, చేతికి మాత్రం పని ఉంది. మొదటి రెండు నెలల్లోనే 5 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. మరుసటి ఏడాది బ్రెండా లారెల్ స్థాపించిన పర్పుల్ మూన్ సంస్థ అడవిలో దారులు వెతుకుతూ, చిక్కులు విప్పి రాళ్లు ఏరుకునే ఆట తెచ్చింది. స్నేహాలు, మనసులోని దిగుళ్లు మాత్రమే ఆడపిల్లల లోకమా అని దాన్నీ కొందరు తప్పుపట్టారు. ఆ విమర్శలో నిజముంది. అయినా అందులో పిల్లకు తన నిర్ణయం అంటూ ఒకటి ఉండేది. 1999లో సంస్థ మూతపడింది, దాన్ని బార్బీ యజమాని మాటెల్ కొనేసింది.

ఇక మేం ముఖ్యమనుకునే సంగతి. ఈ ఆటల్లో మంత్రగత్తెలు రెండే రకాలు. ఆడే పిల్లది పదహారేళ్ల మొహం, పెద్ద కళ్లు, ఊదారంగు గౌను. ఆమె చేసేది మంచి మంత్రం. ఆమెకు అడ్డొచ్చేది ముసలిది. ఒంటరిగా ఉంటుంది, వంగిపోయి ఉంటుంది, అసూయతో రగులుతుంది. అందం ఉంటే మంచి, వయసు మీద పడితే చెడు. ఈ బొమ్మ ఎక్కడిదో చరిత్ర తెలిసినవాళ్లకు గుర్తుంటుంది. యూరప్‌లో మంత్రగత్తెలన్న ముద్రతో ప్రాణాలు కోల్పోయినవాళ్లు 40 వేల నుంచి 60 వేల మంది అని చరిత్రకారుల అంచనా. వాళ్లలో ముప్పాతిక వంతు పైగా ఆడవాళ్లు. అమెరికాలోని సేలంలో 1692లో 19 మందిని ఉరితీశారు, 14 మంది ఆడవాళ్లే. అక్కడ మొట్టమొదట నింద పడిన ముగ్గురిలో ఒకరు బానిస, ఒకరు ఇంటింటా అడుక్కునే పేదరాలు, ఒకరు చర్చికి రాలేని జబ్బు మనిషి. అండలేని ఆడమనిషిని చూపించి ‘ఇదే’ అన్నారు.

మన దగ్గర చేతబడి, బాణామతి అనుమానంతో ఊళ్లో వాళ్లే మనుషుల్ని కొట్టడం, చంపడం ఇంకా ఆగలేదు. మగవాళ్లూ బలవుతున్నారు. జార్ఖండ్‌లో ఒంటరి ఆడవాళ్ల మీద ఈ ముద్ర ఎంతగా పడుతుందో అందరికీ తెలుసు. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో దీని మీద చట్టాలు చేశాయి. ఇలాంటి చోట పెరిగే పిల్లకు, ‘ముసలిది, ఒంటరిది, మొహం బాగాలేనిది, కాబట్టి కీడు చేస్తుంది’ అన్న బొమ్మను ఆట పేరుతో వందసార్లు చూపిస్తే అది ఉత్త కాలక్షేపమని మేం ఒప్పుకోలేం. నక్షత్రం గుర్తు చూసి కంగారుపడే పెద్దలు ఈ ముసలమ్మను చూసి ఎందుకు కంగారుపడరో మాకు అర్థం కాదు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. పేగన్ మతంలో ఆడవాళ్ల గురించి మూస ఆలోచనలు లేవని కాదు. విక్కాలో దేవతకు మూడు రూపాలు: కన్య, తల్లి, వృద్ధురాలు. అంటే గర్భసంచి లెక్కన ఆడదాని జీవితాన్ని మూడు ముక్కలు చేయడమేనా అని స్త్రీవాదులు అడిగారు. పేగన్ ఉద్యమంలో పేరున్న స్టార్‌హాక్ అనే రచయిత్రి 1979లో సృష్టినంతా స్త్రీ శక్తి, పురుష శక్తి అనే జంటగా వర్ణించి, పదేళ్ల తర్వాత మరో ముద్రణలో ఆ మాట ఇక అలా రాయనని చెప్పారు. మతంలో ఉన్నవాళ్లు తమ మూసను తామే సరిచేసుకుంటున్నారు. ఒకటి గమనించండి: ఆ మతంలో వృద్ధురాలు జ్ఞానానికి గుర్తు, పూజలో ఆమెకు స్థానం ఉంది. ఆటలవాళ్లు నక్షత్రం తీసుకున్నారు, దండం తీసుకున్నారు, ఆమె గౌరవాన్ని మాత్రం వదిలేశారు.

బాగా చేసినవాళ్లూ ఉన్నారు. మెల్‌బోర్న్‌కు చెందిన స్టూడియో డ్రైడాక్ 2022లో తెచ్చిన వైల్డ్ ఫ్లవర్స్ అనే ఆటలో తారా అనే యువతి తన అమ్మమ్మ ఉన్న దీవికి వస్తుంది. పగలు వ్యవసాయం, రాత్రి మంత్రగత్తెల బృందంతో పని. ఋతువు దానంతటది మారదు. కావలసినవి సమకూర్చుకుని, బృందంతో కలిసి మంత్రం వేస్తేనే మారుతుంది. కాబట్టి ఈ ఋతువు పంట కోశామా, చేపలు పట్టామా అని ముందే లెక్క చూసుకోవాలి. పెద్దావిడ ఇక్కడ గురువు. మంత్రగత్తెల మీద ఊరివాళ్ల అనుమానం ఎలా రాజుకుంటుందో కూడా కథలో ఉంది. ప్రేమ వ్యవహారాలు ఉన్నాయి కాబట్టి చిన్నపిల్లలకు కాదు. మనుషుల రోజువారీ జీవితాన్ని నడిపించే సిమ్స్ 4 ఆటకు 2019లో వచ్చిన మంత్రలోకం అనుబంధంలో ఇల్లు శుభ్రం చేసే మంత్రం, వంట చేసే మంత్రం, పాడైన సామాన్లు బాగుచేసే మంత్రం ఆడా మగా ఇద్దరికీ ఒకేలా ఉంటాయి. ఎడాపెడా మంత్రాలు వేస్తే ఒంట్లో శక్తి పోగై ప్రాణం మీదికి వస్తుంది, అంటే హద్దు ఉంది. అయితే అందులోనే ఎదుటి మనిషిని మంత్రంతో మోహంలో పడేసే ఏర్పాటు కూడా ఉంది. ప్రేమ మందు ఎక్కడ కనిపించినా పిల్లతో ఒక మాట మాట్లాడాలి: ఆ అబ్బాయి ఒప్పుకున్నాడా, అడిగారా అని. ఆటలో సరదాగా కనిపించేది అవతలి మనిషి ఇష్టాన్ని తీసిపారేయడమేనని పిల్లలు చెప్పగానే గ్రహిస్తారు.

వయసు రేటింగ్ చూసి ఊరుకుంటే సరిపోదు. ప్లే స్టోర్‌లో మనకు కనిపించే 3+, 7+, 12+ లాంటి అంకెలు, ఆట తయారుచేసినవాళ్లు నింపిన ప్రశ్నపత్రం ఆధారంగా వస్తాయి. హింస, భయం, బూతులు, జూదం, మత్తుపదార్థాలు, శృంగారం లాంటివే లెక్కలోకి వస్తాయి. మంత్రవిద్య అనే గడి లేదు. ఆడపిల్ల చేత గంటసేపు మొటిమలు నొక్కించినా ఏ గడిలోనూ పడదు. యూరప్ పద్ధతిలో వివక్ష అనే గుర్తు ఉన్నా, అది ద్వేషం రెచ్చగొట్టే స్థాయికి వెళితేనే వేస్తారు. అందుకే మేకోవర్ ఆటలు దర్జాగా 3+తో ఉంటాయి.

కాబట్టి పరీక్ష ఇంట్లోనే పెట్టుకోవాలి. ఇరవై నిమిషాలు చాలు. పిల్ల పక్కన కూర్చుని, తను ఆడుతుంటే కాగితం మీద మూడు నిలువు గడులు గీసి, ఆటలో చేసే ప్రతి పనికీ ఒక గీటు పెట్టండి. తన రూపం మార్చుకోవడం మొదటి గడి. ఎదుటివాళ్లు మెచ్చేలా చేసుకోవడం రెండోది. మూడోది మిగతా పనులు: పెంచడం, కట్టడం, వెతకడం, లెక్కవేయడం, నిర్ణయించడం, ఒకరికి సాయపడడం. వెనకవైపు ఎన్ని యాడ్లు వచ్చాయో, ఎన్నిసార్లు డబ్బు అడిగిందో రాయండి. ఆట ఆపాక రెండు మాటలు అడగండి: ఇందులో చెడ్డవాళ్లు ఎవరు, వాళ్లు చెడ్డవాళ్లని నీకెలా తెలిసింది? ‘మొహం చూస్తే తెలీదా’ అని పిల్ల అంటే అదే మీకు కావలసిన జవాబు. చాలామంది మొదటి అయిదు నిమిషాలు చూసి వదిలేస్తారు, అది పొరపాటు. మొదట్లో అంతా ఉచితం, యాడ్ తక్కువ, పనులు రకరకాలు. తాళాలు పడేది, ఒకే పని మళ్లీ మళ్లీ చేయించేది ఆ తర్వాతే. ఇన్‌స్టాల్ చేసే ముందే స్టోర్ పేజీలో యాడ్లు, యాప్‌లో కొనుగోళ్లు ఉన్నాయన్న గుర్తు చూసుకుని, కొనుగోలుకు ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోండి.

హైదరాబాద్‌లో ఆటలు తయారుచేస్తున్న యువతీ యువకులకు ఒక విన్నపం. మంత్రం పెట్టండి, తప్పులేదు, దానికి నియమం పెట్టండి. ఆరు మూలికలు ఇచ్చి మూడింటిని వరస తప్పకుండా కుండలో వేయమంటే 120 రకాలుగా వేయొచ్చు. గుడ్డిగా నొక్కితే విసుగొస్తుంది, ఆధారం దొరికితే నాలుగైదు ప్రయత్నాల్లో తేలుతుంది. ఆధారాలు ఆటలోనే దాచండి. సరైన మూలిక దానంతటది మెరిసేలా పెడితే మాత్రం పిల్ల మెరిసేదాన్నే నొక్కుతూ పోతుంది, బుర్రకు పని ఉండదు. తప్పు వరస వేస్తే ఏది తప్పిందో పొగ రంగులో తెలియనివ్వండి. తప్పుకు శిక్షగా కాయిన్లు గుంజకండి. అక్టోబర్ రాగానే హాలోవీన్ గుమ్మడికాయలే ఎందుకు? అది చలిదేశాల పంటకాలానికి సరిపోయే లెక్క. ఆస్ట్రేలియా పేగన్లు కూడా తమ చలికాలపు పండగను జూన్‌కు మార్చుకున్నారు. అక్టోబర్‌కు కాస్త అటూఇటూగా మన ఆడవాళ్లు బతుకమ్మను పేరుస్తారు. తాంబాళంలో ఆకు పరిచి, గునుగు కాడలు ఒకే కొలతకు కోసి, కింది వరస వెడల్పుగా బిగించి, లోపల ఆకులు కూరుతూ తంగేడు, బంతి వరసలు పైపైకి సన్నగా తీసుకెళ్లాలి. కింది వరస వదులైతే మొత్తం ఒరిగిపోతుంది. కొలత, వరస, బరువు అన్నీ ఉన్న విద్య అది, దాన్ని బాగా ఎరిగినవాళ్లు ఇళ్లలోని పెద్దవాళ్లే.

మీ పత్రిక పిల్లల పేజీలో కొత్త ఆటల పరిచయం వేసేటప్పుడు బొమ్మలు బాగున్నాయా లేదా అని మాత్రమే రాయకుండా, ఆడే పిల్ల ఏ పనులు చేస్తుంది, మంత్రానికి నియమం ఉందా, చెడ్డపాత్ర ఎవరిది, ఎంతసేపటికి ఒక యాడ్ వస్తుంది అన్న నాలుగు సంగతులూ వేయాలని కోరుతున్నాం. పరీక్షించేటప్పుడు ఆటను కనీసం ఇరవై నిమిషాలు ఆడించండి. వీలైతే తొమ్మిది, పదేళ్ల ఆడపిల్లల చేతే ఆడించి, వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే వేయండి.

ఇట్లు,
గేమ్ డిజైన్ అధ్యాపకులు,
హైదరాబాద్